ఎడమకి లాగే బండి

అమ్మ ఇంకా కారు దిగలేదు.

దిగలేదంటే బొత్తిగా దిగలేదని కాదు. స్నానానికీ, మనిషన్నాక తప్పని మిగతా పనులకీ దిగుతూనే ఉంది. అది దిగడం కింద లెక్కకాదు. పని కాగానే తల తుడుచుకుని, మళ్ళీ వెళ్ళి వెనక సీట్లో కిటికీ పక్కన కూర్చుంటుంది. తలుపు వేసుకుంటుంది. ఎదురుగా షెడ్డు గోడ, గోడకి ఒక మేకు. ఆ మేకుని ఎంతసేపు చూడగలరో మీరే చెప్పండి. ఆవిడ పొద్దు పొడిచింది మొదలు దీపాలు పెట్టేదాకా చూస్తోంది.

పోనీ కారు కదిలే స్థితిలో ఉంటే, ఎక్కడికో బయల్దేరిందనుకుని సరిపెట్టుకోవచ్చు. కారుకి వెనక చక్రాలే లేవు. వెనక భాగమంతా చెక్క దిమ్మల మీద నిలబడి ఉంది. ముందు మూతి కిందికి, వెనక నడుం పైకి, నీళ్ళు తాగడానికి వంగిన గేదెలా.

కోడలు టీ గ్లాసుతో వచ్చి అద్దం మీద వేలితో కొట్టింది.

"అత్తయ్యా, టీ."

అద్దం నాలుగు వేళ్ళ మేర కిందికి దిగింది. ఒక చెయ్యి బయటికొచ్చి గ్లాసు అందుకుంది. అద్దం పైకి వెళ్ళిపోయింది.

"ఆగిన బస్సులో కొనుక్కున్నట్టే కొంటోంది మా అక్క," అన్నాడు మేనమామ, పాత టైరు మీద కూర్చుని. "ఏమ్మా, చిల్లర ఇచ్చిందా లేదా?"

కోడలు నవ్వలేదు. నవ్వాలని ఆమెకి గుర్తు రాలేదు. ఆ ఇంటాయన పోయిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో ఎవరికీ ఏదీ సమయానికి గుర్తు రావడం లేదు. పాలు పొంగిపోయాక పొయ్యి కట్టేస్తున్నారు. తలుపు కొట్టిన మనిషి వెళ్ళిపోయాక తీస్తున్నారు. ఏడుపు మాత్రం ఎవరికీ రాలేదు. వచ్చిన చుట్టాలే కాసేపు ఏడ్చి, ఇంటివాళ్ళు తోడు రాకపోయేసరికి మొహమాటపడి మానేశారు.

షెడ్డు వాకిట్లో బల్ల మీద, ఆ ఇంటి ఇద్దరు పిల్లల్లో చిన్నది, చెల్లెలు పని చేసుకుంటోంది. ఆ వీధిలో ఆమెని వెల్డరమ్మ అంటారు. గేట్లు, కిటికీ ఊచలు, మెట్ల కమ్ములు, ఏది విరిగినా ఆమె దగ్గరికే తెస్తారు. ఇప్పుడామె ముందు ఉన్నది తండ్రి కారు వెన్నెముక. వెనక చక్రాలు రెండింటి మధ్యా అడ్డంగా ఉండే లావుపాటి ఇనుప గొట్టం. మధ్యలో కుండలా ఉబ్బి ఉంటుంది. ఆ కుండలో నూనె, నూనెలో పళ్ళచక్రాలు. మెకానిక్కులు దాన్ని హౌసింగ్ అంటారు. ఈ ఇంట్లో అందరూ గొట్టం అనే అన్నారు.

గొట్టానికి ఆయన ఏటా వానలకి ముందు తారు పూసేవాడు. తుప్పు పట్టకూడదని. కిందటేడు పూసినదాన్ని గీకకుండా దాని మీదే, అంతకుముందుదాన్ని గీకకుండా దాని మీదే. తారు పైపైన నిగనిగలాడుతూ ఉండేది. లోపల తడి మాత్రం బయటికి పోయే దారి లేక అక్కడే కాపురం పెట్టింది. పోయినవారం చెల్లెలు స్క్రూడ్రైవరు మొనతో కుండ అడుగున ఊరికే నొక్కి చూసింది. పిడి దాకా దిగిపోయింది.

"సాయంత్రం ఆయనొస్తున్నాడు," అన్నాడు అన్న వస్తూనే. రంగుల కొట్టు అతనిది. ఎన్నిసార్లు కడిగినా గోళ్ళ సందుల్లో ఏదో ఒక రంగు మిగిలే ఉంటుంది. ఇవాళ నీలం.

"ఏ ఆయన?"

"ఏ ఆయనో నీకు తెలీదూ? పాత బండ్లు కొనే ఆయన. చూసుకుని మాట ఖాయం చేసుకుంటాడట."

"పని అవలేదు."

"అవలేదా, అవనివ్వడం లేదా?"

చెల్లెలు గీకుడు ఆపలేదు. తారు ముక్కలు ముక్కలుగా లేచి పడుతోంది.

"నిన్నే అడిగేది."

"వినబడింది అన్నయ్యా."

"మరి?"

"మరేం లేదు. నువ్వు అడిగావు, నేను విన్నాను."

అన్న గొంతు తగ్గించాడు. "చూడు, నాకేం సరదా కాదు బండి పంపెయ్యడం. అది అక్కడున్నంత కాలం అమ్మ దాన్ని వదలదు. అది వెళ్ళిపోతే ఇంట్లోకొస్తుంది. కూచోడానికి ఆ చోటు లేకపోతే ఏం చేస్తుంది? లోపలికొచ్చి మనిషిలా మంచం మీద పడుకుంటుంది."

"చోటు లేకపోతే ఇంట్లోకే వస్తుందని నీకెవరు చెప్పారు?"

ఇద్దరూ కారు వైపు చూశారు. అద్దం వెనక తల కదల్లేదు.

"అట్లా మాట్లాడకు," అన్నాడు అన్న.

"నువ్వే అడిగావుగా."

మేనమామకి మౌనం పడదు. ఎక్కడ కాస్త మౌనం కనబడినా దాన్ని పూడ్చకపోతే ఆయనకి అన్నం సహించదు.

"ఈ బండి సంగతి మీకేం తెలుసురా? ఎడమకి లాగేది. ఎంత లాగేదనుకున్నారు? ఓసారి మీ నాన్న పెట్రోలు కొట్టించుకొస్తానని తిన్నగా బయల్దేరాడు. కాస్త అలసటగా ఉండి స్టీరింగ్ మీద చెయ్యి వదులు చేశాడట. అంతే. ఎడమకి లాగింది. లాగి, లాగి, లాగి, ఊరంతా ఒక చుట్టు చుట్టి మళ్ళీ ఈ గుమ్మంలోకే వచ్చి ఆగింది. అక్క తలుపు తీసి, అప్పుడే వచ్చేశారేంటి అంది. పెట్రోలు బంకు మన కుడి పక్కనుంది, మనకి రాసిపెట్టి లేదు, అన్నాడు."

ఈ కథకి అమ్మ ఎప్పుడూ నవ్వేది. మొదటిసారి విన్నట్టే నవ్వేది. మేనమామ ఓరగా కారు వైపు చూశాడు. ఖాళీ గ్లాసు ముందు సీటు మీదకి చేరింది గానీ నవ్వు రాలేదు.

"కథలో పస తగ్గింది," అన్నాడు ఆయన తనలో తను. "ఈసారి రెండు చుట్లు తిప్పాలి."

చెల్లెలి గీకుడు ఆగింది.

తారు పొరలన్నీ లేచిపోయి అసలు ఇనుము బయటపడింది. కుండకి ఎడమ పక్క, గొట్టం వెనకవైపు, ఒక పాత అతుకు. తుప్పు కాదు, పగులు కాదు. ఎప్పుడో ఎవరో కాల్చి అతికిన గుర్తు. ఆ చేతిని ఆమె పోల్చుకుంది. అతుకు చివర చిన్న కొక్కెంలా తిప్పి వదిలే అలవాటు ఆ ఇంట్లో ఒక్కరికే ఉండేది. ఆమెకి పని నేర్పిందీ ఆయనే.

"నాన్న దీన్ని ఎప్పుడు అతికాడు?"

"అతకడమేంటి? ఈ గొట్టం ఎప్పుడూ విప్పలేదన్నాడుగా," అన్నాడు అన్న.

చెల్లెలు లోపలికెళ్ళి కుట్టు దారం తెచ్చింది. గొట్టం ఈ చివర నుంచి ఆ చివరకి బిగుతుగా లాగి కట్టింది. వంగి చూసింది. కుడివైపు దారానికీ ఇనుముకీ మధ్య కాగితం దూరదు. ఎడమవైపు అగ్గిపుల్ల పెట్టి చూసింది. పుల్ల నిక్షేపంగా దూరి, అటు నుంచి కింద పడింది.

"వంకర," అంది.

"ఏది?"

"గొట్టమే. ఎడమ చక్రం ఇన్నేళ్ళూ తిన్నగా నిలబడలేదు. అందుకే లాగేది."

అన్న వంగి చూశాడు. నిలబడ్డాడు. మళ్ళీ వంగి చూశాడు. ఏడాదికోసారి ఆ పక్క టైరు అరిగిపోయేది. కొత్త టైరు వచ్చినప్పుడల్లా, నాకు సైకిలు కొనమంటే కొనవు గానీ, అని తండ్రితో పోట్లాడిన రోజులు అతనికి గుర్తొచ్చి ఉండాలి.

"ఏదన్నా గుద్దాడా?"

"గుద్దితే సొట్ట పడాలి. సొట్ట లేదు."

"నాకు చెప్పేవాడే గుద్దితే," అన్నాడు మేనమామ. అని, తను చెప్పిన కథల్లో ఎన్ని ఆయన చెప్పినవో, ఎన్ని తను కల్పించినవో తేల్చుకోలేక తల గోక్కున్నాడు.

"సరే, వంకరో టింకరో," అన్నాడు అన్న. "చిల్లు మూసెయ్. ఇన్నేళ్ళు నడిచింది, ఇంకా నడుస్తుంది. వంకర సంగతి తర్వాత చూద్దాం."

చెల్లెలు తుప్పు తిన్న మేరకి కోసేసింది. ఆ కొలతకి రేకు కోసింది. గొట్టాన్ని ఒక బరువైన ఇనుప దూలానికి వేసి, గొలుసులతో, బోల్టులతో కదలకుండా బిగించింది. కాలిన ఇనుము చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది. ఎటు ముడుచుకుంటే అటు వంగుతుంది. అందుకని ఇక్కడ ఒక చుక్క, అక్కడ ఒక చుక్క, మధ్యలో ఆగడం. ఆగడమే అసలు పని. చేతకానివాళ్ళకి అది పని మానేసినట్టు కనబడుతుంది.

"అమ్మా, అటు తిరుగు. వెలుగు చూడకు," అని కేకేసింది.

అద్దం వెనక తల అటు తిరిగింది. ఇన్నాళ్ళలో వాళ్ళ మధ్య అయిన సంభాషణల్లో అదే పెద్దది.

రేకు అతుకుతుంటే ఒక నిప్పురవ్వ చెల్లెలి చేతితొడుగు చిరుగులోంచి లోపలికి దూరింది. ఆమె దాన్ని గమనించలేదు. కోడలే గమనించింది.

"వదినా! చెయ్యి కాలుతోంది!"

చెల్లెలు తొడుగు తీసి చూసుకుంది. మణికట్టు మీద ఎర్రగా బొబ్బ. అది వేరెవరి చెయ్యో అయినట్టు కాసేపు చూసి, మళ్ళీ తొడుక్కుంది.

"నెప్పి లేదా?"

"ఉండాలి," అంది చెల్లెలు.

ఎండ షెడ్డు రేకుల మీంచి గోడ మీదకి జారింది. అన్న లోపలికీ బయటికీ తిరుగుతున్నాడు. తిరిగినప్పుడల్లా ఒక ప్రశ్న.

"అయిందా?"

"చల్లారుతోంది."

"ఇప్పుడు?"

"ఇప్పుడూ అదే."

"గొలుసులు విప్పెయ్యకూడదూ?"

"విప్పితే ఇంకా వంగుతుంది."

"నువ్వు కావాలనే చేస్తున్నావే," అన్నాడు అన్న. గొంతులో కోపం కూడా సరిగ్గా లేదు. ఎక్కడో పెట్టి మర్చిపోయి, వెతుక్కుంటున్నట్టుంది. "ఆయనొచ్చి, ఈ ఇనప సామాను చూసి, వెళ్ళిపోతాడు. అమ్మ అట్లాగే ఉంటుంది. చలికాలమొస్తుంది. అప్పుడూ అక్కడే ఉంటుంది. నీకదే కావాలి."

"నాకేం కావాలో నాకే తెలీడం లేదు అన్నయ్యా."

వీధిలో హారన్ మోగింది. గేటు ముందు బండి ఆగింది. కోడలు తొంగిచూసి, "ఆయనే," అంది.

అన్న ఒక్కసారిగా కదిలాడు. నూతి పక్కనున్న బకెట్టు ఎత్తాడు. నీళ్ళు అంచుల మీంచి ఒలికాయి.

"ఏం చేస్తున్నావ్?"

"చల్లారబెడుతున్నా. రెండు నిమిషాల్లో చల్లారుతుంది. గొలుసులు విప్పి పక్కన పెట్టు, శుభ్రంగా కనబడాలి."

"అన్నయ్యా, పొయ్యకు. పాడవుతుంది."

"పక్కకి తప్పుకో."

"పొయ్యకు!"

ఈ రెండో మాట చెల్లెలిది కాదు.

కారు వెనక తలుపు తెరుచుకుని ఉంది. అమ్మ ఒక కాలు బయటపెట్టింది. దిమ్మల మీదున్న కారు కదా, నేల అందక ఆ కాలు గాలిలో వెతుక్కుంటోంది. మేనమామ టైరు మీంచి లేచి వెళ్ళి చెయ్యిచ్చాడు. దిగింది. నెమ్మదిగా నడిచొచ్చి, కొడుకు చేతిలోని బకెట్టు అంచు పట్టుకుంది.

"కింద పెట్టు."

పెట్టాడు.

"ఒకసారి పోశాను. చాలు," అంది అమ్మ.

ఎవరికీ అర్థం కాలేదు. ఆవిడ గొట్టం దగ్గరికి వెళ్ళింది. పాత అతుకు ఎక్కడుందో ఎవరినీ అడగలేదు. తిన్నగా దాని పైన గాలిలో, వేడి తగలనంత ఎత్తులో చెయ్యి పెట్టింది.

"మా అమ్మకి బాగోలేదని కబురొచ్చిన రోజు," అంది. గొంతు చదునుగా ఉంది. దుకాణంలో సరుకులు చెప్పినట్టు చెప్పింది. "గొట్టం పగిలి నూనె కారుతుంటే మీ నాన్న విప్పి అతికాడు. చల్లారాలన్నాడు. ఎంతసేపూ అంటే, అది చెప్పాలి, నేను కాదు, అన్నాడు. నేను ఆగలేకపోయాను. ఆయన చేతులు కడుక్కోడానికెళ్ళాడు. బిందెడు నీళ్ళు తెచ్చి పోసేశాను."

మేనమామ మొహంలోంచి కథలన్నీ దిగిపోయాయి. ఆ కబురు ఆయన తల్లి గురించి కూడా.

"వచ్చి చూశాడు. ఆవిరి లేస్తోంది. ఒక్క మాట అన్లేదు. బిగించాడు. ఎక్కమన్నాడు. దారంతా బండి ఎడమకి లాగుతూనే ఉంది. చేరేసరికి అమ్మ ఇంకా ప్రాణంతో ఉంది. నీళ్ళు తాగించాను." తమ్ముడి వైపు చూసింది. "నువ్వు మర్నాడొచ్చావు."

"అవును," అన్నాడు మేనమామ.

"ఆ తర్వాత ఎవరడిగినా కోతలు కోశాడు. నువ్వు వాటికి ఇంకో నాలుగు కలిపావు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను." అమ్మ చెయ్యి ఇంకా ఆ వేడి మీదే ఉంది. "స్టీరింగ్ కుడికి పట్టి, పట్టి, ఆ భుజం పోయింది ఆయనకి. రోజూ పడుకునే ముందు నేనే మందు రాసేదాన్ని. ఎందుకు నెప్పో ఇద్దరికీ తెలుసు. ఆ సంగతి ఇద్దరం ఎత్తేవాళ్ళం కాదు."

"మాకు చెప్పొచ్చుగా అమ్మా," అన్నాడు అన్న. "ఇన్నాళ్ళూ ఆ కార్లో..."

"అందరూ దిగు, దిగు అన్నారు. తిను అన్నారు. పడుకో అన్నారు. ఎందుక్కూచున్నావు అని ఒక్కరూ అడగలేదు."

అన్న బకెట్టులోని నీళ్ళ వైపు చూస్తూ నిలబడ్డాడు.

"నేను లోపలికి రావచ్చా?"

గేటు దగ్గర పాత బండ్లాయన. తల నున్నగా దువ్వుకుని, బూట్లకి మట్టి అంటకుండా ఇటుక మీంచి ఇటుక మీదకి అడుగులేస్తూ వచ్చాడు. మర్యాదస్తుడు. పోయిన మనిషి గురించి రెండు మంచి మాటలు చెప్పాడు. కారు చుట్టూ తిరిగి, రేకు మీద వేళ్ళతో సుతారంగా తట్టాడు. చివరికి బల్ల దగ్గరికొచ్చి దారం చూశాడు. ఆయనకి తెలుసు దారమెందుకో. వంగి, ఒక కన్ను మూసి చూశాడు.

"వంగినట్టుందే."

దారాన్ని వేలితో ఒకసారి మీటాడు.

"వంగితే వంగింది, దాందేముంది. తిన్నబడుతుందంటే చాలు, బండి ఇప్పుడే ఖాయం చేసుకుంటా. తిన్నబడనిది నాకొద్దు. వంకర బండి కొనుక్కుని నేనేం చేసుకుంటానమ్మా?" చెల్లెలి వైపు తిరిగాడు. "పని నీదట కదా? నువ్వే చెప్పు. ఇది తిన్నగా వస్తుందా, రాదా?"

"వస్తుందండీ," అన్నాడు అన్న గబగబా. "మా చెల్లెలికి రానిదేముంది? చెప్పవే."

అమ్మ కూడా చూస్తోంది. ఇన్నాళ్ళకి ఆ కళ్ళు మేకుని వదిలి ఒక మనిషి మీద నిలిచాయి.

"చెప్పు," అంది. "వస్తుందా ఇది? అప్పుడే పూనుకుని చేసుంటే, వచ్చేదా?"

వస్తుంది. వంపుకి ఎదురు పక్కన గొట్టాన్ని ఎర్రగా కాల్చి చల్లారనిస్తే, ముడుచుకుంటూ అదే లాక్కొస్తుంది. ఒక పూట పని. కష్టం కూడా కాదు. తనకి ఆ కిటుకు నేర్పిన చెయ్యే ఈ కొక్కెం అతుకు వేసింది. ఆ చేతికి తెలియకుండా ఉండే అవకాశం లేదు. ఆ ఒక్క పూట పెడితే ఆ భుజానికి అన్నేళ్ళ నెప్పి ఉండేది కాదు. పెట్టాలంటే మాత్రం, ముందు ఇది వంగిందని అమ్మ ముందు పైకి అనాలి.

చెల్లెలు చేతితొడుగులు తీసి బల్ల మీద పెట్టింది. బొబ్బ ఇప్పుడు మండుతోంది.

"రాదు," అంది గొట్టాన్ని చూస్తూ.

"ఏంటే?" అన్నాడు అన్న.

"రాదు అన్నయ్యా. ఇది అప్పుడూ వచ్చేది కాదు, ఇప్పుడూ రాదు. ఒకసారి నీళ్ళు తాగిన ఇనుము అంతే."

పాత బండ్లాయన నిట్టూర్చాడు. కారు వైపు ఇంకోసారి చూసుకుని, మర్యాదగా దణ్ణం పెట్టి, వచ్చిన ఇటుకల మీదే వెనక్కి వెళ్ళాడు. అన్న, "ఒక్క నిమిషం ఆగండి, మీరు ఆగండి," అంటూ ఆయన వెంట గేటు దాకా పరిగెత్తాడు. ఇనుము సంగతి కాస్తో కూస్తో తెలిసిన మేనమామ, మేనకోడలి వైపు చూడబోయి, ఎందుకో షెడ్డు కప్పు వైపు చూశాడు.

అమ్మ కూతురి పక్కకొచ్చి నిలబడింది. కాలిన మణికట్టు పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసింది.

"మీ నాన్నని కూడా అడిగాను ఒకసారి," అంది. "ఆయనా రాదనే అన్నాడు."

చెల్లెలు తల ఎత్తలేదు.

"ఆయన కూడా నీలాగే," అంది అమ్మ, "నా మొహం చూడకుండా చెప్పాడు."